వట్టివేళ్ల నీళ్లు

"ఐసేనమ్మా, ఐసే! డాక్టరు సాబ్ నోటితోనే చెప్పిండు, నీళ్లల్ల తేడా ఉన్నదని. నవమి పానకం నీళ్లు మీ ఇంటివి. మీ ఇంటి నీళ్లకు వంక పెట్టినోని కళ్లు పోతయ్. ఇగ మిగిలిందేంది? పాషా ఇచ్చిన ఐసు."

కాలనీ సంఘం సెక్రటరీ బసవపున్నయ్య తీర్పు చెప్పి, సుజాత ఇచ్చిన చాయ్‌లో బిస్కెట్ ముంచాడు. తీర్పు గట్టిగానే ఉంది. బిస్కెట్టే విరిగి చాయ్‌లో పడింది.

వెంకటరామారావు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పేజీలో పెళ్లి సంబంధాల ప్రకటనలు తప్ప ఇంకేమీ లేవని సుజాతకు తెలుసు. పెళ్లయి ఇన్నేళ్లకు మొగుడు వాటిని ఇంత శ్రద్ధగా చదవడం ఇదే మొదటిసారి.

దేవుడి గూటి దగ్గర వత్తులు చేసుకుంటున్న అత్తగారు మంగతాయమ్మ గొంతు పెంచింది.

"నేను మొదటి నుంచి మొత్తుకుంటనే ఉన్న పున్నయ్యా. రాములవారి పానకానికి ఐసెందుకయ్యా? మా ఎర్రుపాలెంల ఎవరన్న ఏసిండ్రా? ఆ పెట్టె ఎన్నడు కడిగిండో, ఆ ఐసు ఏ నీళ్లతోని గట్టిందో!"

"అవ్ పెద్దమ్మా. అందుకే పాషాకు కబురు పెట్టినం. ఇయ్యాల సంఘం ఆఫీసుకొచ్చి నలుగుర్ల తప్పైందంటే సరి. లేదంటే వచ్చే ఏడాది సంది ఐసు కొత్తగూడెం కెల్లి తెప్పిస్తం."

"వాళ్ల నాయన కాలం నుంచి నవమికి వాళ్ల ఐసే కదండీ," అంది సుజాత. ఆ మాట తన గొంతులోంచే వచ్చినా, ఎవరో పిరికిమనిషి అన్నట్టు వినిపించింది.

"గందుకే గదమ్మా, ఊకెనే ఇస్తడని ఎవ్వరం అడగకపోతిమి. ఊకె ఇచ్చినదాన్ని వాసన చూస్తమా? గీసారి నలభై మంది దవాఖానా మెట్లెక్కిండ్రు." బసవపున్నయ్య లేచాడు. "రామారావు సారూ, రేపు ప్లాంటు పెద్దింజనీరు ఎస్.ఈ. సారు మీ ఏసీ చూడనీకె వస్తుండట గదా! మీ పేరు చెప్పి కాలనీ అంతటికీ పెట్టిస్తరట. మాకు గర్వం సారూ."

పేపరు కొంచెం కిందికి దిగింది. "అవునండీ, రేపు పదింటికి," అన్నాడు వెంకటరామారావు. మళ్లీ పేపరు లేచింది.

ఆ ఇంటి గర్వం, ఆ ఇంటి సిగ్గు రెండూ పడగ్గది కిటికీకి బిగించిన ఆ ఒక్క ఏసీలోనే ఉన్నాయి.

ఏసీ నడిచినంతసేపూ వెనక నుంచి నీళ్లు కారుతాయి. అందరిళ్లల్లో అవి గోడ వెంబడి పాకి పాచి పట్టిస్తాయి. వెంకటరామారావు మాత్రం ఇంజనీరు. ఆ చల్లటి నీళ్లను స్టీలు డ్రమ్ములోకి పట్టాడు. ఏసీ గాలి పీల్చుకునే జాలీల ముందు వట్టివేళ్ల తెర కట్టి, కూలర్ పంపుతో ఆ నీళ్లు తెర మీద చిలకరించాడు. తడి తెరలోంచి పోయే గాలి చల్లబడుతుంది, చల్లగాలి తగిలిన ఏసీ తక్కువ ఆయాసపడుతుంది, కరెంటు మీటరు తాపీగా తిరుగుతుంది. తెర కింద కారిన నీళ్లు మళ్లీ డ్రమ్ములోకే. ఒక్క చుక్క వృథా లేదు.

పాల్వంచ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. కరెంటు ప్లాంటులో తనకంటే చిన్నవాళ్లకు ప్రమోషన్లు వచ్చి, తాను ఉన్న కుర్చీలోనే ఉండిపోయిన మనిషికి అసలే చిన్న విషయం కాదు. ఆ సంబరంలో తల్లిని డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయి మూత తెరిచి చూపించాడు. "చూడమ్మా, మనిషి చెయ్యి తగలని నీళ్లు. గాలిలోంచి తీసినవి. దవాఖానాలో సూదిమందు కలిపే నీళ్లంత స్వచ్ఛం!"

మనిషి చెయ్యి తగలని నీళ్లు! మడి కోసం కుళాయిని చింతపండుతో తోమే మంగతాయమ్మకు ఆ మాట వేదమైంది. నవమి పొద్దున కుళాయి రాలేదు. సుజాత పందిట్లో వడపప్పు కలుపుతోంది, రామారావు డ్యూటీలో ఉన్నాడు. మంగతాయమ్మ మూత తీసింది. చల్లటి నీళ్లు, పైగా వట్టివేళ్ల వాసన. రాములవారే పంపించారనుకుంది. డ్రమ్ము ఖాళీ అయింది, పానకం గంగాళం నిండింది. తాను ఉపవాసం కాబట్టి చుక్క ముట్టలేదు.

రాత్రి డ్రమ్ము ఖాళీగా ఉండటం చూసి మొగుడూ పెళ్లాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పటికే కాలనీలో సగం ఇళ్లల్లో దొడ్డి తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నోరు విప్పి మాట్లాడుతున్నవి రెండే. ఏసీ, ఏమీ తెలియని అత్తగారు.

* * *

మధ్యాహ్నం వెంకటరామారావు అన్నానికి కూర్చున్నాడు. సుజాత పప్పు వడ్డించింది, దోసకాయ పచ్చడి వేసింది, గ్లాసుతో నీళ్లు పెట్టింది. భార్య మాట్లాడకుండా వడ్డిస్తే భయపడాలని ఆయనకు ఇంజనీరింగులో ఎవరూ చెప్పలేదు.

గ్లాసు ఎత్తి, నోటి దగ్గరే ఆపేశాడు.

"ఏంటిది, వాసన?"

"వట్టివేళ్లు. డ్రమ్ములోవి. చల్లగున్నయి, తాగండి."

గ్లాసు కింద పెట్టాడు. "పరాచకాలా, సుజాతా?"

"పరాచకమెందుకు? మీరే కదా చెప్పింది, సూదిమందు నీళ్లని."

గడప దగ్గర విసనకర్రతో కూర్చున్న మంగతాయమ్మ నవ్వింది. "తాగరా రామూ. పెళ్లాం ముచ్చటపడి పోస్తే ఆ మొహమేంది? ఊళ్లె అందరికీ పోసిన, కడుపున పుట్టినోడివి నీకే అందలేదు."

వెంకటరామారావు తాగలేదు.

"తాగరా!"

అన్నం కలిపే చెయ్యి ఆగిపోయింది. 

"అవి తాగే నీళ్లు కావమ్మా," అన్నాడు కంచంలోకి చూస్తూ.

విసనకర్ర ఆగింది. "మరి?"

"ఏసీలోంచి పడేటప్పుడు శుభ్రంగానే ఉంటాయి. ఆ తర్వాత తెర మీద పడి, మళ్లీ డ్రమ్ములోకి, మళ్లీ తెర మీదికి... రోజుల తరబడి అవే తిరుగుతాయి. గాలిలో ఉన్న దుమ్మూ బూడిదా అంతా..."

"పావురాలు," అంది సుజాత.

"అది చెప్పాలా ఇప్పుడు?"

"చెప్పాలి. ఏసీ మీద పావురాలు కాపురం పెట్టినయ్ అత్తయ్యా. అవి చేసేదంతా ఆ తెర మీదనే. ఈయన ప్రతి ఆదివారం గీకుతుంటడు."

మంగతాయమ్మ తన అరచేతులు చూసుకుంది. నవమి నాడు ఆ చేతులతోనే గంగాళం కలిపి, ఆ చేతులతోనే గ్లాసులందించింది. చిన్నపిల్లలు రెండోసారి వస్తే, "దా బిడ్డా, దా," అని పిలిచి మరీ పోసింది.

"నువ్వు స్వచ్ఛమంటివి గదరా."

"స్వచ్ఛమే అన్నాను. తాగమన్నానా?"

"మంచి సగం చెప్పి, రెండో సగం మింగినవ్." ఆమె గొంతులో కోపం లేదు. అందుకే సుజాతకు భయం వేసింది. "మీకెప్పుడు తెల్సింది?"

వెంకటరామారావు కంచంలో అన్నం కెలికాడు.

"ఎప్పుడు తెల్సిందే సుజాతా?"

"నవమి రాత్రే అత్తయ్యా."

"ఇద్దరికీ?"

"ఇద్దరికీ."

మొగుడి మీద వేద్దామని ఎత్తిన రాయి తిన్నగా తన నెత్తిన పడింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన కోడలు, నీళ్ల సంగతి తెలిసీ, ఐసు ఐసని అత్తగారు ఇల్లిల్లూ తిరిగి చాటుతుంటే వింటూ ఊరుకుంది. ఎందుకూరుకుంది? ఎస్.ఈ. వచ్చి చూసిపోవాలి కదా. ఏసీ ఫొటో నోటీసుబోర్డు మీద పడితే, కింద శ్రీమతి అని తన పేరు కూడా వేస్తారేమోనని మూలెక్కడో ఓ ఆశ. గ్లాసు వైపు చూడలేక అవతలికి తిరిగింది.

"నాతోని అబద్ధం చెప్పించిండ్రు గదరా. పాషాను నోటికొచ్చినట్టు అంటి. అతని పెట్టెను అంటి, అతని నీళ్లనంటి."

"ఒక్క రేపు ఆగమ్మా," అన్నాడు వెంకటరామారావు. "ఎస్.ఈ. చూసి పోనీ. తర్వాత నేనే పోయి చెప్తాను. ఇప్పుడు బయటపడితే ఇంక ఆ ఏసీని ఎవరు చూస్తారు? పావురాల పానకం రామారావు అని పేరు పడిపోతుంది. ఒక్క రోజుకు పాషాకేం పోతుంది? అమ్ముకునే ఐసు అమ్ముకుంటూనే ఉంటాడు."

మంగతాయమ్మ గోడ పట్టుకుని లేచింది. చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మా, ఈ ఎండలో?"

ఆమె అప్పటికే గడప దాటింది. సుజాత గొడుగు తీసుకుని వెంట పడింది.

* * *

క్వార్టర్ల వెనక సందు దాటితే అహ్మద్ పాషా ఐసు దుకాణం, దాని వెనకే ఇల్లు. దుకాణం షట్టరు సగానికి దించి ఉంది. లోపల పాషా పెద్ద చెక్కపెట్టెలో నడుము దాకా దూరి తోముతున్నాడు. బ్లీచింగ్ పౌడరు ఘాటుకు సుజాత కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అలికిడికి తల బయటికి పెట్టాడు. పెద్దావిడను చూసి గబగబా లేచి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఆ చేతులు ఉడికిన బంగాళాదుంపల్లా పొక్కులు లేచి ఉన్నాయి.

"పెద్దమ్మా! మీరెందుకొచ్చిండ్రు ఎండల? నేనే మీ ఇంటికొద్దామనుకుంటున్న. మొహం చెల్లక ఆగిన."

"పాషా, నేను..."

"నాకు తెల్సు పెద్దమ్మా, మీకెంత కోపమున్నదో. ఇన్నేండ్ల సంది మీ పానకమంటే కాలనీల ఒక పేరు. నా ఐసు ఆ పేరు ఖరాబ్ చేసింది. మాఫ్ చేయండ్రి."

అతను వంగి ఆమె పాదాలవైపు చెయ్యి చాచాడు. మంగతాయమ్మ అడుగు వెనక్కి వేసింది. చూసేవాళ్లకు అది మడి అనిపిస్తుంది. అది మడి కాదు.

"ఐసును రంపపు పొట్టుల దాస్తం గదా. అండ్ల ఎలుక తిరిగిందో ఏందో! పొట్టంతా కాలబెట్టిన. పెట్టె గిట్ల రోజూ తోముతున్న. ఇందాకనే ఆఫీసుకు పోయి నలుగుర్ల చెప్పొచ్చిన, తప్పు నాదేనని."

"చెప్పేసినవా?" సుజాత నోరు పెగిలింది.

"చెప్పిన అక్కా. నిజం చెప్పుటానికి షరమెందుకు?"

లోపలి నుంచి పాషా భార్య బేగం వచ్చింది. "రా అమ్మా, కూసో. జర నువ్వన్న చెప్పు ఈయనకు. రోటీ ముట్టుతలేడు. బిడ్డ మొహం చూస్తలేడు."

నులక మంచం మీద పాషా కూతురు ఫరహా పడుకుని ఉంది. పందిట్లో పరికిణీ ఎగరేసుకుంటూ తిరిగిన పిల్ల ఇప్పుడు దుప్పటిలో ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. తల దగ్గర గ్లూకోజు నీళ్లు. కళ్లు తెరిచి మంగతాయమ్మను చూసి గుర్తుపట్టి నవ్వింది.

"అమ్మమ్మా, నేను మూడు గిలాసలు తాగిన."

"నా ఐసే నా బిడ్డకు తినిపించుకున్న," అన్నాడు పాషా గుమ్మంలోనే నిలబడి. లోపలికి రాలేదు.

ఇప్పుడు చెప్పాలి. సుజాత అత్తగారి వైపు చూసింది. అత్తగారు సుజాత వైపు చూసింది. వీధి కుళాయి దగ్గర పది మందినీ కడిగిపారేసే నోళ్లు రెండూ మూతపడి, నువ్వంటే నువ్వని ఒకదాన్నొకటి ముందుకు తోసుకున్నాయి.

మంగతాయమ్మ ఫరహా నుదుటి మీద చెయ్యి వేసింది. "పిల్లకు జావ తాగించు బేగం," అంది. అంతే. బయటికి వచ్చేసింది.

సందు మలుపులో ఆగి, కొంగుతో మొహమంతా కప్పుకుంది.

"నోరు రాలేదే."

"నాకూ రాలేదు అత్తయ్యా."

"నా కాళ్లకు మొక్కబోయిండే వాడు."

గొడుగు ఒక్కటే ఉంది. ఇద్దరిలో ఎవరూ దాని కింద నడవలేదు.

* * *

ఎస్.ఈ. గారు చెప్పిన వేళకే వచ్చారు. వెంట బసవపున్నయ్య, ఆయన చేతిలో పూలదండ. దండ మనిషికో ఏసీకో ఆయన ఇంకా తేల్చుకున్నట్టు లేదు.

వెంకటరామారావు తెల్లవారకముందే లేచి పావురాలను తోలి, కొత్త తెర కట్టి, డ్రమ్ము తోమి పెట్టాడు. ఇస్త్రీ చొక్కాలో నిలబడి అన్నీ వివరించాడు. పంపు ఆపించి మీటరు చూపించాడు, పంపు వేయించి మీటరు చూపించాడు. చక్రం నిజంగానే మెల్లగా తిరిగింది. ఎస్.ఈ. గారు రెండుసార్లు "గుడ్" అన్నారు. అబద్ధమేమీ లేదు. పని చేసే వస్తువే. దాని వల్లే సుజాతకు ఇంకా కష్టంగా ఉంది. మొగుడు ఉత్త చేతకానివాడైతే సిగ్గుపడటం ఇంత కష్టం కాదు. అన్నీ చూసి అందరూ ముందుగదిలోకి వచ్చారు.

"బావుందయ్యా రామారావ్. అన్ని క్వార్టర్లకూ సిఫార్సు చేస్తాను. వర్షాకాలంలో నీళ్లు ఇంకా ఎక్కువ వస్తాయి కదా! మిగిలినవి ఏం చేస్తారు?"

మామూలు ప్రశ్న. ఏ బడిపిల్లవాడైనా అడుగుతాడు.

"చెట్లకు పోస్తాం సార్," అన్నాడు వెంకటరామారావు.

"చెట్లకు కాదు సారూ."

అందరూ తిరిగి చూశారు. మంగతాయమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"పానకం చేసిన," అంది. "నవమి నాడు ఈ డ్రమ్ము నీళ్లతోనే చేసిన. ఊరందరికీ పోసిన. పాషా ఐసుల ఏ తప్పూ లేదు."

ఎస్.ఈ. గారు పెద్దావిడ హాస్యమాడుతోందనుకుని నవ్వబోయారు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వును ఏం చేయాలో తెలియక దగ్గుగా మార్చుకున్నారు.

"అమ్మకు ఈ మధ్య మతి నిలకడగా ఉండటం లేదు సార్," అన్నాడు వెంకటరామారావు.

ఆ మాట ఆయన ఆలోచించి అన్నది కాదు. ఇంగ్లీషు పరీక్షలో రాని జవాబు రాసినట్టు, చేతికి అందింది రాసేశాడు. రాశాక చూసుకున్నాడు. మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది.

మంగతాయమ్మ తలదించుకుంది. పదిమందిలో పిల్లవాడు చేయరాని పని చేస్తే తల్లి ముందుగా సిగ్గుపడ్డట్టు.

"ఏమ్మా?" ఎస్.ఈ. గారు సుజాత వైపు తిరిగారు. "పెద్దావిడ ఏమంటున్నారు?"

మొగుడి కళ్లు ఆమెను బతిమాలుతున్నాయి. నిన్న నులక మంచం పక్కన రాని గొంతు ఇవాళ వస్తుందని సుజాత కూడా అనుకోలేదు.

"అత్తయ్య మతి బాగనే ఉన్నది సార్. ఆమె చెప్పిందంతా నిజం. ఆ నీళ్లు తాగేటివి కావని ఆమెకు మేం చెప్పలేదు. సంగతి నవమి రాత్రే తెల్సినా, పాషాభాయ్‌ని తిడుతుంటే మా ఇద్దరం నోరు మూసుకుని కూచున్నం."

బసవపున్నయ్య చేతిలోని దండ కుర్చీ మీద పడింది. దాని పక్కనే ఆయనా పడ్డాడు.

"నేను పాషాతోని నలుగుర్ల తప్పొప్పించిన గదా! మైకుల కూడ చెప్పిస్తి!"

"అయితే ఇప్పుడు మైకులోనే చెప్పండి, తప్పు అతనిది కాదని," అంది సుజాత.

"ఆగమ్మా, తొందరపడకు." ఆయన లేచి వీధి తలుపు దగ్గరికి వేశాడు. "సారు ముంగట చెప్తున్న. పాషా ఒప్పుకున్నడు, సంఘం మాఫ్ చేసింది. కథ ఒడిసింది. ఇప్పుడు కాదు కాదు అంటే సంఘం పరువేమైతది? నా పరువేమైతది? సారు సిఫార్సు చేసే ఏసీ పరువేమైతది? గీ ముచ్చట గీ నాలుగు గోడలు దాటొద్దు."

ఎస్.ఈ. గారు గడియారం చూసుకున్నారు. "అది మీ కాలనీ విషయం. మీలో మీరు మాట్లాడుకోండి. నేను చూడటానికి వచ్చింది ఏసీని," అన్నారు.

వెంకటరామారావు మరో కుర్చీలో కూలబడ్డాడు. 

మంగతాయమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వీధి తలుపు దగ్గరికి నడిచింది. బసవపున్నయ్య ఆమెకన్నా ముందు వెళ్లి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"కూసో పెద్దమ్మా. మంచిగ మాట్లాడుకుందాం."

 సుజాత కొంగు నడుముకు దోపుకుంది.

"అవునవును, కూచోండి. మంచి మాటంటే చాయ్ ఉండాల్సిందే. నేను పెట్టుకొస్తా. అత్తయ్యా, మీరు గూడ వంటింట్లకు రాండ్రి, అల్లం దంచుదురు."

చాయ్ అనగానే బసవపున్నయ్య ముఖం తేటపడింది. అన్ని క్వార్టర్లకూ వంటింట్లో మరో తలుపు ఉంటుందనీ, అది వెనక సందులోకి తెరుచుకుంటుందనీ, ఆ సందు దాటితే పాషా ఇల్లేననీ ఆ క్షణాన ఆయనకు తట్టలేదు. వంటింట్లోకి చాయ్ పెట్టడానికి ఎన్నడూ వెళ్లని మగవాళ్లకు ఇలాంటివి తట్టవు.

వెంకటరామారావుకు మాత్రం తట్టింది. అత్తాకోడళ్లు వంటింటి గుమ్మం దాటుతుండగా కుర్చీలోంచి లేచాడు. వాళ్లను ఆపడానికో, వాళ్ల వెంట నడవడానికో ఆయన మొహం చూసి సుజాత పోల్చుకోలేకపోయింది.